ఏ ఎరువు మంచిది, ఫాదర్ గారూ?



ప్రతి ఏటా సెప్టెంబరు 1వ తేదీ నుండి అక్టోబరు 4వ తేదీన వచ్చే అస్సీసిపుర పునీత ఫ్రాన్సిస్ గారి పండుగ వరకు శ్రీసభ సృష్టి కాలాన్ని పాటిస్తున్నది. 2015వ సంవత్సరంలో పోపు ఫ్రాన్సిస్ గారు "లౌదాతో సీ" అనే విశ్వలేఖను వెలువరించి, అదే ఏడాది సెప్టెంబరు 1ని సృష్టి పరిరక్షణ కొరకు ప్రార్థనా దినంగా నిర్ణయించారు. అప్పటి నుండి మన విచారణలలో కూడా ఈ రోజుల్లో మొక్కలు నాటడం అలవాటయింది. సంతోషమే. నాటిన మొక్కల్లో మరుసటి సంవత్సరానికి ఎన్ని బ్రతికి ఉన్నాయో లెక్కపెట్టే అలవాటు మాత్రం మనకింకా రాలేదు.

ఈ రోజుల్లోనే, దివ్య బలిపూజ అయ్యాక గుడి మెట్ల దగ్గర నిలబడితే తల్లులు అడిగే ప్రశ్న ఒకటుంది. "పెరట్లో నాలుగు మొక్కలు పెట్టుకుందామనుకుంటున్నాం. మందులు వద్దు, సహజమైనదే కావాలి. ఏ ఎరువు మంచిది, ఫాదర్ గారూ?" నేను తిరిగి ఒక ప్రశ్న వేస్తాను: "మీ నేల ఎలాంటిదమ్మా?" సాధారణంగా జవాబు రాదు. మొక్క పేరు చెబుతారు, కొట్లో చూసిన సంచి రంగు చెబుతారు, పక్కింటివారు ఏం వేశారో చెబుతారు. కాళ్ళ క్రింద ఉన్న నేల సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. ఒకప్పుడు నాకూ తెలియదు. ఆ తెలియనితనానికి నేను చెల్లించిన మూల్యం ఏమిటో ముందు చెబుతాను.

గుహ ముందు గులాబీలు

2016వ సంవత్సరంలో నేనున్న విచారణలో లూర్దుమాత గుహ ముందు ఖాళీ స్థలం ఉండేది. నవంబరు 2వ తేదీన, మృతుల స్మరణ దినాన, తమ వారిని పోగొట్టుకున్న ప్రతి కుటుంబం ఒక గులాబీ మొక్క నాటాలని నేనే ప్రకటించాను. నలభై రెండు కుటుంబాలు మొక్కలు కొని తెచ్చాయి. కూలి డబ్బుల్లోంచి కొన్నవారు చాలామంది. ఒక్కొక్క మొక్క ప్రక్కన ఒక్కొక్క పేరు రాసిన చెక్క ముక్క పెట్టారు. పంతొమ్మిదేళ్ళ కొడుకును రోడ్డు ప్రమాదంలో పోగొట్టుకున్న ఒక తల్లి ఉండేది. ఆమె నాటిన మొక్క గుహకు ఎడమ ప్రక్కన మూడవది.

యువకులు ఉత్సాహంగా దగ్గరి కోళ్ళ ఫారం నుండి రెండు ట్రక్కుల కోళ్ళ పెంట ఉచితంగా తెచ్చారు. అది పచ్చిది. నేను గుంటల్లో సగానికి దానిని నింపించాను. అంతటితో ఆగలేదు. అంతకుముందు ఒక ఆంగ్ల పుస్తకం చదివి ఉన్నాను. గులాబీకి ఎముకల పొడి, కట్టెల బూడిద చాలా మంచివని అందులో రాసి ఉంది. ఎముకల పొడి కొన్నాం. బూడిద వంటశాలలోనే ఉంది. అన్నీ సహజమైనవే కదా, హాని ఏముంటుందనుకున్నాను.

పది రోజులకు ఆకుల అంచులు మాడినట్లయ్యాయి. మూడవ వారానికి నలభై రెండింటిలో పదిహేడు మిగిలాయి. ఆ తల్లి రోజూ సాయంకాలం చెంబుతో నీళ్ళు తెచ్చి పోసేది. ఆమె మొక్క ఎండిపోయిన రోజున నా దగ్గరకు వచ్చి, "నేను నీళ్ళు సరిగ్గా పోయలేదేమో, ఫాదర్ గారూ. వాడిని కూడా నేను సరిగ్గా చూసుకోలేదు" అన్నది. నా జీవితంలో పాపసంకీర్తన గదిలో విన్న మాటలకన్నా అది బరువైన మాట. తప్పు ఆమెది కాదనీ, నాదేననీ చెప్పాను. ఆమె నమ్మలేదు. ఎందుకు నాదో నిరూపించడానికి నాకు అప్పటికి జ్ఞానం చాలలేదు.

నిరూపించినవాడు మా సమాధుల తోటను చూసుకునే పెద్దాయన. ఒక గుంట తవ్వించి, గుప్పెడు మట్టి తీసి వాసన చూసి, "ఇది ఉడకని కూడు, ఫాదర్ గారూ. వేళ్ళు కాలిపోయినయి" అన్నాడు. తరువాత మట్టిలోనుండి చిన్న తెల్లటి గుళ్ళు ఏరి నా అరచేతిలో పెట్టాడు. "ఇవి సున్నపు గుళ్ళు. ఈ నేలకు సున్నం ముందే ఎక్కువ. పైన మీరు బూడిద పోశారు."

జరిగినదేమిటో తరువాత చదివి తెలుసుకున్నాను. పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతం ఉంటే, కోళ్ళ పెంటలో రెండు మూడు శాతం ఉంటుంది. అందులోని యూరిక్ ఆమ్లం తేమ తగలగానే కుళ్ళి అమ్మోనియాగా మారుతుంది. నేలలో క్షారగుణం ఎక్కువైన కొద్దీ ఆ అమ్మోనియా అంత ఎక్కువగా వాయువై లేత వేళ్ళను కాలుస్తుంది. మా నల్లరేగడిలో క్షారగుణం ముందే ఉంది. బూడిద దానిని మరింత పెంచింది. ఇక ఎముకల పొడి సంగతి. అందులో ఇరవై శాతం వరకు భాస్వరం ఉన్నప్పటికీ అది ఆమ్లగుణం ఉన్న నేలలోనే కరుగుతుంది. సున్నం ఉన్న నేలలో వేస్తే ఎముకలను పాతిపెట్టినట్లే. ఆ పుస్తకం అబద్ధం చెప్పలేదు. ఎడతెగని వానలకు సున్నమంతా కొట్టుకుపోయి నేల పుల్లబడే దేశంలో కూర్చుని రాసిన పుస్తకం అది. దానిని నల్లరేగడిలో చదివినవాడిదే పొరపాటు.

ఉద్దేశం చాలదు

గురువిద్యాలయంలో నీతిశాస్త్రం బోధించేటప్పుడు ఒక క్రియను తూచడానికి మూడు చూడాలని చెప్పేవారు: చేసిన పని, చేసినవాని ఉద్దేశం, చేసిన సందర్భం. కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథంలో 1750వ అంశం ఇదే బోధిస్తుంది. పరీక్షలో ఈ జవాబు నేను చక్కగా రాశాను. గులాబీల దగ్గర మరచిపోయాను. నా ఉద్దేశం పవిత్రమైనది, వేసిన పదార్థం సహజమైనది, సందర్భాన్ని మాత్రం నేను చూడలేదు. పునీత థామస్ అక్వినాస్ గారు వివేకాన్ని సుగుణాలన్నింటికీ దారి చూపేదిగా ఎందుకు పెట్టారో నాకు పుస్తకంలో కాక ఆ గుంటల ప్రక్కన అర్థమయింది.

"సహజం" అనే మాట ఈనాడు సంచుల మీద ఆకుపచ్చ అక్షరాలతో కనిపిస్తున్నది. సహజమైనది అంటే హాని లేనిది అని అర్థం కాదు. ఆముదపు చెక్క సహజమైనదే, నత్రజని నాలుగు శాతం పైగా ఉన్న మంచి ఎరువే. కానీ ఆముదపు గింజలోని విషం ఆ చెక్కలో మిగిలి ఉంటుంది. వాసనకు ఆశపడి తిన్న కుక్కలు, మేకలు చచ్చిపోతాయి. ఇంట్లో పశువులు, చిన్నపిల్లలు ఉన్నవారు దానిని ఎంచుకోకపోవడం మంచిది. వేప చెక్క ఆ పని చేస్తుంది. నత్రజని సుమారు ఐదు శాతం, పైగా వేరును తినే పురుగులకు చేదు.

లూకా సువార్త 13వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన అంజూరపు చెట్టు ఉపమానాన్ని మనం పశ్చాత్తాపం గురించే వింటాం. ఒకసారి తోటమాలి కన్నుతో కూడా చదవండి. యజమాని మూడేళ్ళు చూసి నరికివేయమంటాడు. తోటమాలి ముందు చుట్టూ తవ్వుతానంటాడు, ఆ తరువాతే ఎరువు మాట ఎత్తుతాడు. తవ్వకుండా నేల ఎట్లా ఉందో తెలియదు. అతడు అడిగిన గడువు ఒక సంవత్సరం. పశువుల ఎరువు వేసినవారు ఈ గడువును అర్థం చేసుకోగలరు. అందులోని నత్రజనిలో మొదటి పంటకు అందేది సుమారు మూడవ వంతే, మిగిలినది నేలలో ఉండి మెల్లగా వస్తుంది. నెలరోజుల్లో పచ్చదనం కనబడలేదని ఇంకో రెండు గంపలు కుమ్మరించేవారు యజమాని వైపువారు.

నేలను అడిగే విధం

మూడు పరీక్షలున్నాయి, మూడింటికీ ఖర్చు లేదు. పిల్లల చేత చేయించండి, వారికి సరదాగా ఉంటుంది.

మొదటిది సీసా పరీక్ష. జానెడు లోతు నుండి మట్టి తీసి, రాళ్ళు, వేళ్ళు ఏరివేసి, గాజు సీసాలో మూడవ వంతు పోసి, నీళ్ళు నింపి గట్టిగా కుదిపి ప్రక్కన పెట్టండి. ఒక్క నిమిషంలో అడుగున చేరేది ఇసుక. గంట రెండు గంటల్లో దానిమీద పేరుకునేది ఒండ్రు. మరునాటికి పైన పరుచుకునేది బంకమట్టి. ఏ పొర లావుగా ఉంటే మీ నేల ఆ జాతిది.

రెండవది వెనిగర్ పరీక్ష. ఎండిన మట్టి గుప్పెడు తీసుకుని మూడు నాలుగు చెంచాల వెనిగర్ పోయండి. బుసబుస పొంగితే నేలలో సున్నం ఉన్నట్లే. ఆ ఇంటివారు బూడిద, సున్నం, ఎముకల పొడి అనే మాటలు మరచిపోవాలి.

మూడవది గుంట పరీక్ష. అడుగు లోతు గుంట తీసి నీళ్ళతో నింపండి. అవి ఇంకాక మళ్ళీ నింపి గడియారం చూడండి. నిమిషాల్లో ఇంకిపోతే ఆ నేల దేనినీ నిలుపుకోలేదు. మరునాటికి కూడా నీళ్ళు నిలిచి ఉంటే అక్కడ ఎరువుకంటే ముందు మురుగు పోయే దారి కావాలి.

వీటికి మించి కావాలంటే భూసార పరీక్ష ఉంది. 2015 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం భూసార ఆరోగ్య కార్డుల పథకం ప్రారంభించిన తరువాత పరీక్ష మాట పల్లెల్లో కొత్త కాకుండా పోయింది. ఉదజని సూచిక ఆరున్నరకూ ఏడున్నరకూ మధ్య ఉంటే చాలా మొక్కలకు హాయి. మన నల్లరేగళ్ళలో అది తరచు ఎనిమిది దాకా ఉంటుంది.

ఏ నేలకు ఏది

నల్లరేగడివారితో ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే ఎక్కువ పొరపాట్లు అక్కడే జరుగుతాయి. ఈ నేలకు బలం తక్కువ కాదు, గాలి తక్కువ. తడిస్తే ఉబ్బి జిగురవుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత బీటలు తీస్తుంది. కాబట్టి దీనికి కావలసింది ఘాటైన ఎరువు కాదు, నేలను గుల్లగా చేసే చివికిన పదార్థం. బాగా చివికిన పశువుల ఎరువు, ఆకుల కంపోస్టు చదరపు గజానికి రెండు మూడు కిలోలు వేసి, జానెడు లోతు మట్టిలో కలిపి, మడిని చుట్టూ ఉన్న నేలకంటే అరడుగు ఎత్తు చేసుకోవాలి. చాలామంది బంకనేల గుల్లబారుతుందని ఇసుక తెచ్చి పోస్తారు. కొద్దిపాటి ఇసుక బంకమట్టిలో కలిస్తే ఇటుకలాగా బిగుసుకుంటుంది తప్ప గుల్లబారదు. ఆ డబ్బుతో ఎరువు కొనుక్కోండి.

ఇదే నేలలో గులాబీ, మందార, నిమ్మ ఆకులు పచ్చబడి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగలడం మీరు చూసే ఉంటారు. అది ఎరువు లోపం కాదు. ఇనుము నేలలోనే ఉన్నా సున్నం వల్ల వేళ్ళకు అందడం లేదు. ఏళ్ళ తరబడి కంపోస్టు వేస్తే కొంత సర్దుకుంటుంది. ఈలోగా లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద పిచికారీ చేయవలసిందే. ఇది సేంద్రియం కాదు కదా అని ఒక సిస్టర్ నాతో వాదించారు. రోగికి మందు వేయడం ఉపవాసాన్ని మీరడం కాదని చెప్పాను. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు.

సముద్రపు ఒడ్డు విచారణలవారి కష్టం దీనికి సరిగ్గా ఎదురు. ఇసుక నేలలో ఏది వేసినా నీళ్ళతో పాటు క్రిందికి జారిపోతుంది. ఒకేసారి ఎక్కువ వేయడం వృథా. కొంచెం కొంచెంగా, ఏడాదికి మూడు నాలుగు సార్లు వేయాలి. చెరువు మట్టి దొరికితే ఇసుక నేలకు అంతకు మించిన వరం లేదు. కొబ్బరి పొట్టు తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచుతుంది. అయితే దానిలో ఉప్పు ఉండవచ్చు, మంచినీటితో రెండు మూడు సార్లు కడిగి, చివికించి వాడాలి. సారం కోల్పోయిన ఉప్పు పొలానికీ పెంటకుప్పకూ పనికిరాదని ప్రభువు అన్నప్పుడు వినేవారందరూ పెంటకుప్ప తెలిసిన పల్లెటూరివారే. ఇంకొక హెచ్చరిక. ఇసుక నేలలో బావులు లోతు తక్కువ. ఎరువు గుంటను బావి దగ్గర తవ్వకండి, వాన పడితే అది మీ బిందెలోకి వస్తుంది.

ఎర్రనేలలవారికి బూడిద, ఎముకల పొడి పనికివస్తాయి. ఆ నేలల్లో సున్నం తక్కువ, పొటాష్ కూడా జారిపోతుంది. చదరపు గజానికి గుప్పెడు కట్టెల బూడిద, అదీ ఏడాదికి ఒకసారి చాలు. చెరువు మట్టి ఇక్కడా మంచిదే. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ క్రింద చెరువుల పూడిక తీసినప్పుడు రైతులు ఆ మట్టిని పొలాలకు తోలుకున్నది అందుకే. వారి తాతలు చేసిన పనే అది.

చౌడు నేల, అనగా ఎండాకాలంలో తెల్లటి పొర తేలే నేల, ఉన్నవారు మాత్రం పరీక్ష చేయించకుండా ఏమీ కొనవద్దు. చౌడులో రకాలున్నాయి. సోడియం వల్ల వచ్చిన చౌడుకు భూమిలో దొరికే ఖనిజమైన జిప్సం పనిచేస్తుంది. దానిలోని కాల్షియం సోడియాన్ని వదిలిస్తుంది, తరువాత మంచినీళ్ళు పెట్టి దానిని బయటకు పంపాలి. నీళ్ళు పోయే దారి లేకపోతే జిప్సం ఎంత వేసినా లాభం లేదు. జీలుగ ఈ నేలను తట్టుకుంటుంది. మే 15న రైతుల పాలక పునీతుడు ఇసిదోరుగారి పండుగ వస్తుంది. ఈయన మద్రిదు దగ్గర ఒక భూస్వామి పొలంలో పనిచేసిన కూలి మనిషి. 1622లో పునీత ఇగ్నేషియస్ లొయోలా, పునీత ఫ్రాన్సిస్ శౌరి వంటి మహామహులతో కలిసి ఒకేరోజు పునీతుడుగా ప్రకటించబడ్డాడు. ఆ పండుగ నాటికి జీలుగ విత్తనాలు తెచ్చిపెట్టుకుని, తొలకరికి సెంటుకు నూరు నుండి నూట యాభై గ్రాములు చల్లి, సుమారు నలభై ఐదు రోజులకు పూత పట్టకముందే కోసి మట్టిలో కలిపేయండి. జీలుగ చౌడుకే కాదు, పై నేలలన్నింటికీ మంచిది. ఎరువు కొనే శక్తి లేని ఇంటికి ఇంతకంటే చవకైన దారి నాకు తెలియదు.

పచ్చిదీ, చివికినదీ

పెంటపోగు నుండి తెచ్చినదంతా ఎరువు కాదు. పచ్చి పేడతో పాటు చెదలు, వేరుపురుగు తోటలోకి వస్తాయి. పేడ గుంటల్లోనే కొబ్బరిని నాశనం చేసే కొమ్ము పురుగు పిల్లలు పెరుగుతాయి. తెల్లగా, లావుగా, వంకర తిరిగి ఉండే ఆ పురుగులు కనబడితే ఏరివేయకుండా ఎరువును తోలకండి. ఆకుకూరల మడికి పచ్చి పెంట వేస్తే రోగాలు కంచంలోకే వస్తాయి. వేసిన తరువాత నాలుగు నెలలు గడవనిదే అక్కడి కూర తినకూడదు. పేడ, మట్టి తాకే చేతికి గాయం ఉంటే ధనుర్వాతం భయం ఉంది. ఇంటిల్లిపాదీ టీకాలు సకాలంలో వేయించుకోండి.

ఇంకొక వైపు పొరపాటు ఎండు పదార్థంతో జరుగుతుంది. రంపపు పొట్టు, ఊక, గడ్డి అలాగే మట్టిలో కలిపితే వాటిని చివికించే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని నేలలోనుండే తీసుకుంటాయి, మొక్క పస్తు ఉంటుంది. గడ్డిలో ఒక వంతు నత్రజనికి ఎనభై వంతుల కర్బనం ఉంటుంది. బాగా చివికిన ఎరువులో ఇరవై వంతులకు మించదు. అందుకే ఎండు ఆకులూ గడ్డీ ఒక పొర, పేడో పచ్చి ఆకో ఒక పొర వేసి, తడిపి, నెలకొకసారి తిరగవేయాలి. లోపల వేడి 55 డిగ్రీలు దాటితే కలుపు గింజలూ రోగక్రిములూ చాలావరకు చస్తాయి. గడ్డపార లోపలికి గుచ్చి, కాసేపు ఉంచి తీసి పట్టుకుంటే తెలుస్తుంది. ఇండోరులో పనిచేసిన ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త 1931లో ఈ పద్ధతిని పుస్తకంగా రాశాడు. మన రైతుల దగ్గరే చాలా నేర్చుకున్నానని ఆయన దాచుకోలేదు.

ఎరువు తయారయిందా లేదా తెలుసుకోవడానికి ముక్కు చాలు. వానకు తడిసిన మట్టి వాసన రావాలి. ఘాటుగా ఉంటే ఇంకా ఉడకలేదు. అనుమానం తీరకపోతే ఒక కుండలో సగం ఎరువు, సగం మట్టి కలిపి పది పెసర గింజలు వేయండి. ఎనిమిది మొలిచి పచ్చగా నిలబడితే వాడుకోవచ్చు.

సంచులు కొనేవారు సంచి వెనుక వైపు చదవాలి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985లో వచ్చింది, 2006లో సేంద్రియ ఎరువులకూ అందులో ప్రమాణాలు చేర్చారు. వానపాముల ఎరువులో నత్రజని కనీసం ఒక శాతం ఉండాలి, తేమ పాతిక శాతం మించకూడదు. ఈ వివరాలు లేని సంచిలో ఏముందో అమ్మినవాడికీ తెలియదు. నీళ్ళతో బరువెక్కిన మట్టిని కిలో లెక్కన కొంటున్నవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఆ ఇంటి ముందే రోజూ ఊడ్చిన ఆకులు తగలబెడుతుంటారు. మన గుడి ఆవరణలు ఇందులో వెనుకబడి లేవు. పండుగ మరునాడు పీఠం మీది పూలన్నీ చెత్తబండికి పోతున్నాయి. దారాలు, ప్లాస్టిక్ తీసివేసి ఒక గుంటలో వేయడానికి ఎంత సేపు? మ్రానికొమ్మల మట్టలను కాల్చి విభూది బుధవారం నొసట ధరిస్తాం, మంచిదే. వేపాకును కాల్చవలసిన అవసరం మాత్రం ఏ ప్రార్థనా గ్రంథంలోనూ లేదు.

జీవామృతం, పంచగవ్య గురించి అడుగుతారు. వాడండి. అయితే అవి పాలలో వేసే తోడు వంటివి. పాలు లేకుండా తోడు ఒక్కటే పెరుగు కాలేదు. నేలలో చివికే ఆకూ అలమూ ఉండాలి.

మళ్ళీ గుహ దగ్గరకు

ఆ కోళ్ళ పెంటను గుంటల్లోనుండి తీయించి, వేపచెట్టు క్రింద ఎండుటాకులతో పొరలు పొరలుగా వేయించాం. నాలుగు నెలలకు అదే పెంట నల్లగా, పొడిపొడిగా, వాసన లేని ఎరువయింది. అప్పుడు దానిని చూపించి ఆ తల్లితో మళ్ళీ మాట్లాడాను. ఒక కుండలో పచ్చి పెంట కలిపిన మట్టి, ఇంకొక కుండలో మాగిన ఎరువు కలిపిన మట్టి పెట్టి, రెండింటిలోనూ పెసలు వేసి ఆమె చేతనే నీళ్ళు పోయించాను. రెండింటికీ ఒకే చెంబు. మొదటి కుండలో మొలకలు మాడిపోయాయి. ఆమె చాలాసేపు రెండు కుండలనూ చూసి, "అయితే నీళ్ళు కాదన్నమాట" అన్నది. ఆ మాట కోసం నేను ఆరు నెలలు ఎదురుచూశాను.

2017 మే నెలలో గుంటలు తీసి ఎండకు వదిలాం. వానలకు జీలుగ వేసి కలిపాం. నవంబరులో ఎత్తు మడుల మీద, చివికిన ఎరువు, నూరు గ్రాముల వేప చెక్క మాత్రమే వేసి నలభై రెండు మొక్కలూ పూర్తి చేశాం. బూడిద లేదు, ఎముకల పొడి లేదు. వాటిలో మూడు పోయాయి, అవి నీళ్ళు నిలిచే మూలలో నాటినవి.

ఆ తల్లి అప్పటి నుండి ఇంటి దగ్గర గుంట తవ్వుకుని తానే కంపోస్టు చేసి, రెండు మూడు నెలలకొకసారి గంపతో గుహ దగ్గరకు తెచ్చేది. 2019లో నేను ఆ విచారణ నుండి బదిలీ అయ్యే ముందు వారం కూడా తెచ్చింది. గంప దించి, చెయ్యి లోపల పెట్టి చూసి, మళ్ళీ తల మీదకు ఎత్తుకున్నది. "ఇంకా వెచ్చగా ఉంది, ఫాదర్ గారూ. పై నెల తెస్తాను" అని వెనక్కి తీసుకుపోయింది.